కొండరాయి, గోదావరి, పింగాణీ శంఖం

పింగాణీ గిన్నెను దీపానికి అడ్డుగా పట్టుకుంటే వెనుక ఉన్న వేళ్ళ నీడ ముందుకు కనిపిస్తుంది. కుమ్మరి ఆవంలో కాలిన కుండను ఎంత పలుచగా చేసినా దాని గుండా వెలుతురు చొరబడదు. రెండూ మట్టితో చేసినవే, రెండూ నిప్పులో కాలినవే అయినప్పుడు ఈ తేడా ఎందుకు వస్తుందన్నది పింగాణీని చేతిలోకి తీసుకున్న చాలామందికి తట్టే ప్రశ్న. శంఖాలు, పగడపు కొమ్మలు, సముద్రపు నాచు, అలల మడతలు వంటి రూపాలను పింగాణీలో మలిచే శిల్పాలను చూసినవారు దానికి తోడు మరో ప్రశ్న కూడా వేస్తారు: సముద్రం కంటికి ఆనని ఖమ్మం, భద్రాచలం అడవి అంచున ఇటువంటి శిల్పానికి పనికివచ్చే సరుకు ఏదైనా ఉందా? ఈ రెండు ప్రశ్నలూ వేర్వేరుగా కనిపించినా వాటి సమాధానం ఒకే చోట, ఫెల్డ్‌స్పార్ అనే ఖనిజం వాననీటికి లొంగి విడిపోయే చోట, మొదలవుతుంది.

వెలుతురును వెనక్కి తిప్పేది ఏమిటి?

మిరపకాయ బజ్జీలు పొట్లం కట్టిన కాగితం మీద నూనె అంటిన చోట అవతలి వెలుతురు కనిపిస్తుంది, నూనె అంటని చోట కనిపించదు. కాగితపు పీచు విడిగా చూస్తే దాదాపు రంగులేనిదే, వెలుతురును పోనిచ్చేదే. అయినా కాగితం తెల్లగా, మూసుకున్నట్టుగా కనిపించడానికి పీచుల మధ్య చిక్కుకున్న గాలి కారణం. వెలుతురు పీచులోంచి గాలిలోకి, గాలిలోంచి మళ్ళీ పీచులోకి దాటే ప్రతి సరిహద్దులోనూ కొంత దారి మళ్ళి చెదిరిపోతుంది, అటువంటి సరిహద్దులు వేలకొద్దీ ఉండటం వల్ల చివరికి చాలా భాగం వచ్చిన వైపుకే తిరిగిపోతుంది. నూనె ఆ ఖాళీలను నింపగానే, నూనెకూ పీచుకూ వెలుతురును వంచే శక్తి ఇంచుమించు సమానం కావడంతో, సరిహద్దులు పేరుకు మాత్రమే మిగిలి వెలుతురు తిన్నగా సాగిపోతుంది.

కుండలోనూ పింగాణీలోనూ జరిగేది ఇదే. పల్లెల్లోని ఆవం సాధారణంగా 700 నుంచి 900 డిగ్రీల సెల్సియస్ వరకు వేడెక్కుతుంది. ఆ వేడికి మట్టి రేణువులు ఒకదానినొకటి అంటుకుంటాయే గాని పూర్తిగా కరగవు, కాబట్టి వాటి మధ్య గాలి నిండిన సన్నని రంధ్రాలు మిగిలిపోతాయి. కుండలో నీళ్ళు చల్లబడటానికి ఆ రంధ్రాలే ఆధారం కనుక వాటిని లోపమనడం అన్యాయం. పింగాణీని మాత్రం 1280 డిగ్రీలు, కొన్నిచోట్ల 1400 డిగ్రీల దాకా కాలుస్తారు. అంత వేడిలో అందులోని కొంత భాగం చిక్కటి గాజుద్రవంగా మారి ఖాళీలన్నిటిలోకి పాకుతుంది, చివరికి బయటికి తెరుచుకున్న రంధ్రాలు అర శాతం కన్నా తక్కువే మిగులుతాయి. వెలుతురు వంగే తీరును కొలిచే వక్రీభవన గుణకం గాలికి 1 అయితే, పింగాణీలోని గాజుకు సుమారు 1.5, పలుగురాయి రేణువులకు సుమారు 1.55, వేడిలో కొత్తగా పుట్టే ముల్లైట్ అనే సూదిలాంటి స్ఫటికాలకు సుమారు 1.64 ఉంటుంది. ఈ చివరి మూడింటి మధ్య తేడా చిన్నదే అయినా సున్నా కాదు. అందువల్లనే పింగాణీ అద్దంలా అవతలి వస్తువును చూపించకుండా, రెండు మూడు మిల్లీమీటర్ల మందంలో మెత్తని వెలుగును మాత్రం పోనిస్తుంది.

ముత్యపుచిప్ప లోపలి పొర కూడా ఈ సూత్రానికి కట్టుబడినదే. అందులో దాదాపు 95 శాతం కాల్షియం కార్బొనేట్ పలకలు, ఒక్కొక్కటి మిల్లీమీటరులో రెండు వేలవ వంతు మందంతో, పేర్చినట్టుగా ఉంటాయి. వాటి సందుల్లో గాలి లేకుండా ప్రోటీన్ పొర నింపుతుంది. మనిషి 1300 డిగ్రీల నిప్పుతో సాధించేదాన్ని ఆ ప్రాణి సముద్రపు నీటి వేడిలోనే సాధిస్తుంది. సముద్రపు రూపాలకు పింగాణీ నప్పేది కేవలం తెలుపు వల్ల కాదని, రెండు పదార్థాలు వెలుతురుతో నడిచే తీరులోనే దగ్గరి పోలిక ఉందని దీన్నిబట్టి తెలుస్తుంది.

అడవిలో విడిపోయే రాయి

ఖమ్మం నుంచి భద్రాచలం దాటి శబరి నది దాకా సాగే నేల కింద గ్రానైట్లు, నైస్ శిలలు, తూర్పున పాపికొండల వైపు ఖోండలైట్ అనే శిల విస్తరించి ఉన్నాయి. వీటన్నిటిలోనూ ఫెల్డ్‌స్పార్ ప్రధాన ఖనిజం. వాన చినుకు గాలిలోని, అంతకన్నా ఎక్కువగా నేలలోని బొగ్గుపులుసు వాయువును కలుపుకొని బలహీనమైన ఆమ్లంగా మారి, టేకు, వెదురు, తునికి చెట్ల వేళ్ళు వదిలే ఆమ్లాలతో కలిసి రాతి పగుళ్ళలోకి దిగినప్పుడు ఫెల్డ్‌స్పార్ నెమ్మదిగా విడిపోవడం మొదలవుతుంది. శిలాశైథిల్యం అని పాఠ్యపుస్తకాలు చెప్పే ఈ మార్పును రాయి కుళ్ళడంగా భావించడం పరిపాటి, కాని ఇది నిజానికి ఒక పంపకం. ఫెల్డ్‌స్పార్‌లో ఉన్న ప్రతి ఆరు సిలికాన్ పరమాణువుల్లో రెండు మాత్రమే అల్యూమినియంతో కలిసి కయోలినైట్ అనే తెల్లని బంకమట్టి ఖనిజంగా అక్కడే మిగులుతాయి. తక్కిన నాలుగు సిలికాగా నీటిలో కరిగి, పొటాషియంతో పాటు వాగులోకి జారుకుంటాయి.

ఇక్కడ మిగిలిన మట్టి తెల్లగా ఉంటుందా ఎర్రగా ఉంటుందా అన్నది మాతృశిల మీద ఆధారపడుతుంది. నల్ల అభ్రకం, హార్న్‌బ్లెండ్ వంటి ఇనుము గల ఖనిజాలు పక్కనే ఉంటే అవీ విడిపోయి ఇనుమును వదులుతాయి. అది ఆక్సిజన్‌తో కలిసి తుప్పుగా మారి నేలనంతా ఎర్రబరుస్తుంది. భద్రాచలం మన్యంలో ఎర్రనేల విస్తారంగా ఉండటానికి కారణం అదే. శిథిలమైన ఖోండలైట్ ముక్కను దగ్గరగా చూస్తే ఈ రెండు కథలూ పక్కపక్కనే కనిపిస్తాయి: ఫెల్డ్‌స్పార్ ఉన్నచోట గోటికి రాలే తెల్లని సుద్దలాంటి మచ్చలు, గార్నెట్ ఉన్నచోట తుప్పురంగు చారలు. శిల్పికి కావలసింది ఆ తెల్లని మచ్చ మాత్రమే. దాన్ని ఎర్రచార నుంచి వేరుచేయడానికి చాలా శ్రమపడాలి.

నీటితో వెళ్ళిపోయిన సిలికా సంగతి మరింత ఆసక్తికరమైనది. గోదావరి ఆ కరిగిన సిలికాను పాపికొండల నడుమ నుంచి రాజమహేంద్రవరం మీదుగా బంగాళాఖాతానికి మోసుకుపోతుంది. నదిలోనూ సముద్రంలోనూ బతికే డయాటంలు అనే ఏకకణ జీవులు ఆ సిలికానే పీల్చుకొని, సూక్ష్మదర్శినిలో తప్ప కనిపించని గాజు డబ్బాలను తమ చుట్టూ కట్టుకుంటాయి. రాళ్ళ నుంచి అలాగే కరిగి వచ్చిన కాల్షియం నత్తల, ఆల్చిప్పల గుల్లలుగా మారుతుంది. ఒక కొండరాయి విడిపోయినప్పుడు ఒక పాలు అడవిలో తెల్లమట్టిగా నిలిచి, మరో పాలు సముద్రంలో ప్రాణుల ఇళ్ళుగా మారిందన్నమాట. తెల్లమట్టితో శంఖాన్ని మలిచే శిల్పి, తెలిసినా తెలియకపోయినా, విడిపోయిన ఆ రెండు పాళ్ళను ఒకచోట చేరుస్తున్నాడు.

అసలు గుల్లనే కొలిమిలో పెట్టి శిల్పంగా వాడుకోలేమా అన్న సందేహానికి సమాధానం కోస్తాలో సున్నం కాల్చేవారికి బాగా తెలుసు. సుమారు 850, 900 డిగ్రీల వేడిలో గుల్లలోని కాల్షియం కార్బొనేట్ తన బొగ్గుపులుసు వాయువును వదిలేసి పొడిసున్నంగా మారుతుంది, నీళ్ళు తగలగానే పొగలు కక్కుతూ విచ్చిపోతుంది. గుల్లసున్నం తయారయ్యేది అలాగే. ఆకారాన్ని నిప్పులోంచి చెక్కుచెదరకుండా బయటికి తీసుకురావాలంటే దాన్ని మట్టిలోనే కట్టాలి.

నీరు తీసుకుపోయినది తిరిగి ఇవ్వడం

శుద్ధమైన కయోలినైట్ ఒక్కటే కాలిస్తే పింగాణీ రాదు. అది కరగడానికి 1700 డిగ్రీలు దాటిన వేడి కావాలి, 1300 డిగ్రీల వద్ద అది సుద్దలా రంధ్రాలతోనే మిగులుతుంది. కారణం పై లెక్కలోనే ఉంది: వేడిలో గాజుగా మారవలసిన పొటాషియం, సిలికా ఏనాడో వాగులో కొట్టుకుపోయాయి. అందుకే పింగాణీ ముద్దలో తెల్లమట్టి సగం, శిథిలం కాని ఫెల్డ్‌స్పార్ పొడి పావు వంతు, పలుగురాయి పొడి పావు వంతు కలపడం చాలాకాలంగా ఒరవడిగా ఉంది. మట్టి ఆకారాన్ని నిలుపుతుంది, ఫెల్డ్‌స్పార్ కరిగి గాజవుతుంది, పలుగురాయి ఆ గాజును చిక్కబరిచి ఎముకలా అండనిస్తుంది. చైనాలోని జింగ్‌డెజెన్ పనివారు తెల్లమట్టితో కరిగి గాజయ్యే రాయిని కలిపే కిటుకును అనుభవంతో శతాబ్దాల ముందే సాధించగా, ఐరోపాలో బోట్గర్, చిర్న్‌హౌస్ అనే పరిశోధకులు 1708 ప్రాంతంలో గాని పింగాణీ రహస్యాన్ని ఛేదించలేకపోయారు. 1710లో మైసెన్ పింగాణీ కర్మాగారం దాని మీదే నిలబడింది. తెలుగు తీరానికి పింగాణీ అంతకన్నా చాలా ముందే ఓడల్లో చేరింది. ఖమ్మం ప్రాంతాన్ని కూడా ఏలిన కాకతీయ గణపతిదేవుడు 1244లో విదేశీ వర్తకులకు అభయమిస్తూ శాసనం వేయించిన మోటుపల్లి రేవులో చైనా పింగాణీ పెంకులు తవ్వకాల్లో బయటపడ్డాయి.

ఇప్పుడు రెండో ప్రశ్నకు నేరుగా రావచ్చు. పలుగురాయి, ఫెల్డ్‌స్పార్ తెలంగాణ గ్రానైట్ నేలల్లోనూ నెల్లూరు ప్రాంతంలోని గూడూరు అభ్రకపు పట్టీలోనూ దొరుకుతాయి. అశ్వారావుపేట వైపు నుంచి తెలంగాణ సరిహద్దు దాటి మెట్టలోకి దిగితే ద్వారకా తిరుమల పరిసరాల్లో బాల్ క్లే అనే సన్నని, బాగా సాగే మట్టి ఉంది. కయోలినైట్ తెల్లమట్టి పొడిపొడిగా విరిగే స్వభావం కలది కనుక కొద్దిగా బాల్ క్లే చేర్చితే ముద్దకు సాగే గుణం వస్తుంది. అయితే దానితో పాటు కొంత ఇనుము, టైటానియం కూడా వచ్చి తెలుపును మసకబరుస్తాయి. అతి పలుచని రేకులు మలచాలనుకునే శిల్పి సాగే గుణానికీ తెలుపుకూ మధ్య ఎక్కడో ఒకచోట రాజీ పడక తప్పదు.

ఈ ప్రాంతానికే ప్రత్యేకమైన రాయి మాత్రం కూనవరంలో ఉంది. 2014 వరకు ఖమ్మం జిల్లాలో ఉండి, తర్వాత ఆంధ్రప్రదేశ్‌లో కలిసిన కూనవరం వద్ద, శబరి గోదావరిలో కలిసే చోట, నెఫెలిన్ సయనైట్ అనే అరుదైన అగ్నిశిల బయటపడుతుంది. పలుగురాయి ఏమాత్రం లేకుండా, సోడియం, పొటాషియం, అల్యూమినియం సమృద్ధిగా ఉండే ఈ జాతి రాయి ఫెల్డ్‌స్పార్ కన్నా తక్కువ వేడికే కరిగి గాజు కడుతుంది కనుక కెనడా, నార్వే దేశాల్లో దాన్ని తవ్వి గాజు, పింగాణీ పరిశ్రమలకు పంపుతారు. నల్ల ఖనిజాలను అయస్కాంతంతో తీసివేస్తే తప్ప అది తెల్లని పింగాణీకి పనికిరాదు, ఆ శుద్ధి సామాన్యమైన పని కాదు. 

మడత, సుడి, పీచు

సముద్రపు రూపాలకు ఆధారం ఎక్కువగా పెరుగుదల నియమాలే. పగడాల, కొన్ని సముద్రపు నాచుల అంచులు గుడ్డ కుచ్చుల్లా మడతలు పడటానికి అంచు నడిభాగం కన్నా వేగంగా పెరగడం కారణం. పొడవు ఎక్కువైన అంచు సమతలంలో పట్టక పైకీ కిందికీ ఊగుతుంది. పల్లె పెరళ్ళలో పూసే కోడిజుట్టు పువ్వులోనూ ఇదే జరుగుతుంది. శిల్పి దీన్ని బొటనవేలితో సాధిస్తాడు: పలుచగా పరిచిన పింగాణీ రేకు అంచును తడి స్పాంజి మీద పెట్టి, వేలితో నొక్కుతూ చుట్టూ తిప్పుకుంటూ పోతే అంచు పలచబడి పొడవు పెరుగుతుంది, నడిభాగం కదలదు, మడతలు వాటంతట అవే లేస్తాయి. చేతితో ఒక్కొక్క మడతను వంచి చేసినదానికీ ఇలా లేచినదానికీ తేడా చూడగానే తెలిసిపోతుంది.

శంఖానిది మరో నియమం. భద్రాచలం ఆలయంలోని వైకుంఠరాముడు ధనుర్బాణాలతో పాటు శంఖచక్రాలు కూడా ధరించి ఉంటాడు కనుక సముద్రాన్ని చూడని అడవి జనానికి కూడా శంఖం రూపం కొత్త కాదు. లోపలి ప్రాణి తన ఇంటిని ఎప్పుడూ అంచు దగ్గరే పొడిగిస్తుంది, ప్రతి చుట్టూ ముందరి చుట్టుకు ఒకే నిష్పత్తిలో పెద్దదవుతుంది, అందువల్ల శంఖం ఎంత పెరిగినా ఆకారం మారదు. కుమ్మరి సారె మీద తిరిగే పాత్ర అన్ని వైపులా సమానంగా ఉంటుంది కాబట్టి సారె ఒక్కటే శంఖాన్ని ఇవ్వలేదు. మట్టితాళ్ళను ఒకదానిపై ఒకటి అదే నిష్పత్తిలో పెంచుతూ చుట్టడమో, సారె మీద చేసిన గొట్టాలను కోసి వంకరగా అతకడమో చేయాలి.

ఇంతకన్నా చిక్కని అల్లికల కోసం మట్టిని నీళ్ళలో కలిపి మీగడలా జారేటట్టు చేస్తారు. బాగా ముదిరి ఎండిన నేతిబీరకాయ పీచును ఆ జారుమట్టిలో ముంచి, పిండి, ఆరనిచ్చి, మళ్ళీ ముంచి కాలిస్తే లోపలి పీచు బూడిదై పోయి, దాని చుట్టూ పట్టిన పింగాణీ దారాల వల మాత్రం పగడపు గూడులా నిలుస్తుంది. కాగితపు గుజ్జు కలపడం మరో ఉపాయం. సెల్యులోజ్ పోగులు రేణువుల మధ్య అల్లుకొని పచ్చిమట్టికి బలాన్నిస్తాయి, ఆరిన ముక్కకు తడిముక్క అతకడానికి నీటిని పీల్చి దారి చూపిస్తాయి, కొలిమిలో కాలిపోయి శిల్పాన్ని తేలికపరుస్తాయి. భద్రాచలానికి గోదావరి అవతలి ఒడ్డున సారపాకలో 1970ల చివర నెలకొల్పిన కాగితం మిల్లు చుట్టుపక్కల రైతులు జామాయిల్, సుబాబుల్ తోటలు పెంచుతున్నారు. ఆ కర్రలోని పోగుకు ఈ కళలో కూడా చోటుంది.

కొలిమిలో జారే ఆకారం

కయోలినైట్ రేణువులు గుండ్రంగా కాక పలకల్లా ఉంటాయి, వత్తిన దిశలో వరుస కడతాయి. ఒకసారి మెలితిప్పి సరిచేసిన రేకు ఆరేటప్పుడు, కాలేటప్పుడు మళ్ళీ ఆ మెలిక వైపుకే వంగడం పింగాణీ పనివారికి నిత్యానుభవం. మట్టికి జ్ఞాపకం ఉంటుందని వారు అనేది దీన్నే.

నిప్పు దశలవారీగా పనిచేస్తుంది. మొదట మిగిలిన తడి ఆవిరవుతుంది, ఇది తొందరపెడితే ముక్క పేలిపోతుంది. 450, 600 డిగ్రీల మధ్య ఖనిజంలోనే బిగిసి ఉన్న నీరు బయటికి పోతుంది. శుద్ధ కయోలినైట్ బరువులో అది దాదాపు 14 శాతం, అది పోయాక మట్టి మళ్ళీ నీటిలో నానదు. 573 డిగ్రీల వద్ద పలుగురాయి స్ఫటికం ఒక్కసారిగా ఉబ్బి, చల్లారేటప్పుడు అక్కడే కుదించుకుంటుంది, ఆ తిరుగు ప్రయాణంలో శిల్పం పగిలే ప్రమాదం ఉంటుంది. సుమారు 1000 డిగ్రీల పైన ముల్లైట్ పుట్టడం మొదలవుతుంది, 1150 దాటాక ఫెల్డ్‌స్పార్ గాజై పాకుతుంది.

గాజు రంధ్రాలను నింపే ఆ దశలోనే వెలుతురుకు దారి తెరుచుకుంటుంది, ఆ దశలోనే శిల్పం మెత్తబడి తన బరువుకు తానే జారుతుంది. సన్నని కొమ్మ వాలుతుంది, ఎత్తైన మడత పడిపోతుంది. ముద్ద నుంచి పూర్తయిన శిల్పం దాకా ప్రతి కొలతలోనూ 15 శాతం తగ్గితే ఘనపరిమాణంలో దాదాపు 39 శాతం మాయమైనట్టు లెక్క. ఇంత కుదింపులో కదలని ఇటుక మీద ఆనించిన కొమ్మ విరిగి తీరుతుంది. అందుకని ఆనికలను కూడా అదే పింగాణీ ముద్దతో చేసి, అంటుకోకుండా మధ్య అల్యూమినా పొడి చల్లి, శిల్పంతో పాటే అవీ కుంచించుకునేటట్టు చూస్తారు. అనుభవం గల శిల్పి జారడాన్ని ముందే లెక్కవేసి, కొమ్మను కావలసినదానికన్నా కొంచెం పైకి ఎత్తి కడతాడు, మిగతాది నిప్పుకు వదిలేస్తాడు.

సముద్రపు రంగు

కొందరు శిల్పులు పింగాణీని పూత లేకుండా, గుల్ల ఎండిన తెలుపులోనే వదిలేస్తారు. పూత కోరుకునేవారికి ఖమ్మం జిల్లాలోనే ఒక నిజమైన సముద్రపు రాయి ఉంది. మాదారం గనుల నుంచి విశాఖ ఉక్కు కర్మాగారానికి వెళ్ళే డోలమైట్, వంద కోట్ల సంవత్సరాలకు పైబడిన కాలం కిందట ఇక్కడ పరుచుకున్న లోతు లేని పాఖాల సముద్రంలో పేరుకున్న కాల్షియం, మెగ్నీషియం కార్బొనేట్. ఇప్పటి గుల్లల ప్రాణులేవీ అప్పటికి పుట్టలేదు. సూక్ష్మజీవుల పొరలు ఆ సముద్రంలో కట్టిన స్ట్రోమటోలైట్ అనే వలయాకారపు గుర్తులు పాఖాల సున్నపురాళ్ళలో నిలిచి ఉన్నాయి. డోలమైట్ పొడిని పూతలో తగినంత కలిపితే మెగ్నీషియం గల సన్నని స్ఫటికాలు చల్లారేటప్పుడు పైపొరలో ఏర్పడి, అద్దపు మెరుపును తగ్గించి, నీటిలో అరిగిన గులకరాయి నునుపును ఇస్తాయి.

ఆకుపచ్చ నీలాల మధ్య తేలే సముద్రపు రంగు ఇనుము నుంచి వస్తుంది. ముద్దలో ఏమాత్రం ఉండకూడదని ఇంత శ్రమపడి తీసివేసిన ఆ ఇనుమే, పూతలో ఒకటి రెండు శాతం కలిపి, కొలిమికి గాలి తగ్గించి పొగ మంటలో కాల్చినప్పుడు ఆక్సిజన్‌ను కోల్పోయి ఎరుపు నుంచి లేత ఆకుపచ్చకు మారుతుంది. చైనావారి సెలడాన్ పాత్రల రంగు ఇదే. దీనికి ప్రత్యేకంగా రసాయనం కొననక్కరలేదు: భద్రాచలం ఎర్రమట్టిని నీళ్ళలో కలిపి, ఇసుక అడుగుకు దిగాక పైన తేలే సన్నని ఒండును వంచి ఆరబెట్టి, పూతలో కొద్దికొద్దిగా పెంచుతూ చిన్న బిళ్ళల మీద పరీక్షిస్తే సరిపోతుంది. ఎక్కువైతే ఆలివ్ రంగు, ఇంకా ఎక్కువైతే తేనెరంగు, ఆపైన నలుపు వస్తాయి. పూత మడతల లోతుల్లో మందంగా నిలిచి ముదురుగానూ, అంచుల మీద పలుచగా సాగి దాదాపు తెల్లగానూ కనిపిస్తుంది కాబట్టి, వేలితో నొక్కి లేపిన కుచ్చు ఎంత లోతుగా ఉంటే రంగు అంత చిక్కనవుతుంది.